ఆరిన వత్తి వాసన

మా అత్తగారింటి దొడ్లో ఒక చోట నడిస్తే కాలి కింద చప్పుడు మారేది. మిగతా దొడ్డి అంతా గట్టి ఎర్రమట్టి. పశువుల కొట్టానికీ బావికీ మధ్య నాలుగడుగుల మేర మాత్రం, అడుగు వేస్తే లోపలి నుంచి ఎవరో ఊకొట్టినట్టుండేది. కాపురానికి వచ్చిన మొదటి వారంలో నిండు బిందెతో అక్కడ కాలు పెట్టి ఉలిక్కిపడ్డాను. సగం నీళ్లు ఒలికాయి. అరుగు మీద కూర్చున్న అత్తమ్మ చూసి నవ్వింది.

"అది పాతర, పిల్లా. జొన్నలున్నయ్ దాంట్ల. నిన్నేం తినదు," అన్నది.

తినదన్న మాటను నేను నమ్మలేదు. ఆ రోజు నుంచి బావికి చుట్టు తిరిగి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. మాది బీదరు వైపు. మా పుట్టింట్లో గింజలన్నీ నేల మీద నిలబెట్టిన గుమ్ముల్లో, కళ్లెదుట ఉండేవి. జహీరాబాదు వచ్చాక, తిండిని కూడా మనిషిని పాతిపెట్టినట్టు పాతిపెడతారా అని నాలో నేనే గొణుక్కున్నాను. పైకి కూడా ఒకటి రెండు సార్లు అన్నాను. అప్పట్లో నా నోరు అలాంటిది. కోపం ముక్కు మీద ఉండేది, మాట నాలుక చివర ఉండేది, రెండింటికీ మధ్య ఆలోచనకు చోటుండేది కాదు.

పాతర ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. భూమిలో కుండలా తవ్విన గొయ్యి అది. మూతి, మనిషి భుజాలు పక్కకు తిప్పుకొని దూరేంత. కడుపు, ఇద్దరు మనుషుల లోతు. లోపల చుట్టూ జొన్నచొప్ప పరిచి, గింజ పోసి, మూతి మీద బండ పెట్టి, మట్టీ పేడా కలిపి మెత్తేస్తారు. అలా మూస్తే రెండు మూడేళ్లయినా పురుగు పట్టదు. ఎందుకు పట్టదని అడిగితే అత్తమ్మ ఒక్క ముక్కలో చెప్పింది.

"దాంట్ల ఏదీ బతకదు."

అందుకే పాతర తీయడానికి ఒక పద్ధతి ఉండేది. బండ తీసిన రోజు ఎవరూ దిగరు. గొంగడిని తాడుకు కట్టి లోపల పైకీ కిందికీ ఆడించి, పాత గాలిని తోలేసి, ఆ రోజుకు వదిలేస్తారు. మర్నాడు కందీలు ముట్టించి తాడుతో అడుగు దాకా దింపుతారు. దీపం నిలిస్తే మనిషి దిగవచ్చు. ఆరిపోతే ఇంకొక రోజు ఆగాలి. దిగేవాడి నడుముకు మోకు కట్టి, దాని రెండో కొసను పైన ఒకరు పట్టుకోవాలి. లోపలి నుంచి వచ్చే తొలి గంప, దిగినవాడిది. అది ఇంటివాళ్లు ముట్టుకోరు. మరొకటి కూడా ఉంది. పాతర తీసిన నాడు వాకిట్లోకి వచ్చిన ఎవరినీ వట్టి చేతులతో పంపకూడదు.

ఈ చివరి మాట దగ్గరే నాకూ అత్తమ్మకూ పడేది కాదు.

పంతొమ్మిది వందల అరవైల్లో వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. ఝరాసంగం వైపు మాకున్న చెలకలో మొదటి ఏడు పావు పంట వచ్చింది, రెండో ఏడు చొప్ప కూడా రాలేదు. మా ఆయన లారీ డ్రైవరు. బొంబాయి రోడ్డెక్కితే పది పన్నెండు రోజులకు గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. మామగారు నా పెళ్లికి ముందే పోయారు. ఇంట్లో అత్తమ్మ, నేను, రెండేళ్ల నా కూతురు. పాతరలో సగం గింజ ముందటేడే తీసి వాడుకున్నాం. మిగతా సగమే మళ్లీ పంట చేతికొచ్చేదాకా మా ప్రాణం.

ఆ వేసవిలో మా వాకిట్లోకి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. మొగుడంపల్లి దిక్కు నుంచి, చిరాగ్‌పల్లి దిక్కు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. గట్టిగా అడిగేవాళ్లు కారు. వచ్చి, గోడ నీడన కూర్చుని, ఏమీ అనకుండా చూసేవాళ్లు. అత్తమ్మ లోపలికి వెళ్లి, చేతికి దొరికినంత జొన్నగటక తెచ్చి పోసేది. మర్నాడు వాళ్లతోపాటు ఇంకొకరు వచ్చేవాళ్లు. ఎండు గాలికి తలుపు టపటప కొట్టుకుంటే చాలు, ఎవరో వచ్చారని గటక కుండ మీద మూత పెట్టేదాన్ని. నా కూతురి పక్కటెముకలు రాత్రి చేతికి తగులుతుంటే నాకు ఆ కూర్చున్నవాళ్ల మీద అసహ్యం పుట్టేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు సిగ్గు లేదు.

"మీరిట్ల పోస్తా పోతే మనం తినేదేంది అత్తమ్మా?" అన్నాను ఒకనాడు.

"మనకు పాతరున్నది గద."

"అదీ తీసి పంచుతరా?"

"తీసిన నాడు వచ్చినోళ్లకు ఇస్త. మా అత్త ఇచ్చింది, నేనిస్త. రేపు నువ్విస్తవు."

నేనివ్వను అనుకున్నాను. నోటితో అనలేదు గానీ, ఆ రోజు కందిపప్పు రుబ్బిన రుబ్బుడుకు రోలు ఎందుకు పగల్లేదో తెలియదు.

మా ఇంట్లో జీతానికున్న మనిషి గురించి ఇప్పుడు చెప్పాలి. నలభై దాటి ఉంటాయి. మామగారి కాలం నుంచీ అరకా పశువులూ ఆయనే చూసేవాడు. పాతరలోకి దిగేది కూడా ఎప్పుడూ ఆయనే. అత్తమ్మ ఆయనను "తమ్మీ" అని పిలిచేది. నేను ఏమని పిలిచేదాన్నో తెలుసా? ఏమనీ పిలిచేదాన్ని కాదు. "ఓయ్" అనేదాన్ని. నా తండ్రి వయసుకు కాస్త తక్కువ మనిషిని, జొన్న బెండుతో నా కూతురికి చక్రాలు తిరిగే బండి చేసిచ్చిన మనిషిని, ఓయ్ అనేదాన్ని. ఆయన దానికి కూడా "వస్తున్న చిన్నమ్మా" అని పలికేవాడు.

మొగుడంపల్లిలో మా ఆడబిడ్డకు కాన్పు దగ్గరపడిందని కబురొస్తే అత్తమ్మ వెళ్లింది. పోతూ పోతూ, "నేనొచ్చినంక పాతర తీద్దాం. అప్పటిదాక కాగుల ఉన్నదాంతోని ఎల్లదీయి," అని చెప్పింది. ఆమె ఎడ్లబండి మలుపు తిరగకముందే నా తలలో లెక్క మొదలైంది. ఆమె రేపు సాయంత్రానికి వస్తుంది. ఈలోగా పాతర తీసి, గింజలో మూడొంతులు లోపలి అర్రలో కాగుల్లోకి ఎత్తేస్తే, తిరిగి వచ్చాక ఆమెకు చూపించడానికి అడుగున నాలుగు గంపలు మిగులుతాయి. మిగతాదంతా ముక్కిపోయిందని చెప్పొచ్చు. ఆమె పంచితే ఆ నాలుగు గంపలే పంచుతుంది.

నేనూ ఆ జీతపు మనిషీ కలిసి బండ చుట్టూ మట్టి కొట్టి, గడ్డపారతో దాన్ని పక్కకు జరిపాం. పుల్లటి, బరువైన వాసన ఒకటి లేచింది. పాతర వాసనను దాచిపెట్టడం ఎవరి వల్లా కాదు. గల్లీ అంతా తెలిసిపోతుంది. కొట్టంలో ఆవు తల తిప్పుకొని, కట్టుతాడు తెగేలా వెనక్కి లాగింది. నేను చూశాను. పట్టించుకోలేదు.

"రేపు దిగుత చిన్నమ్మా. పొద్దుగాల కందీలు దించి చూసి," అన్నాడాయన.

"రేపు కాదు. ఇయ్యాల్నే. అత్తమ్మ చెప్పిపోయింది," అన్నాను. అది మొదటి అబద్ధం.

ఆయన కొంచెంసేపు నా మొహంలోకి చూశాడు. "పెద్దమ్మ చెప్పిందా?" అని మళ్లీ అడిగాడు. చెప్పిందన్నాను. గొంగడి తెచ్చి తాడుకు కట్టి, లోపల చాలాసేపు ఆడించాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. చెమట తుడుచుకుని, కొట్టం చూరులో ఉన్న మోకు తేవడానికి వెళ్లాడు. నేను కందీలు ముట్టించి, తాడుకు కట్టి, పాతరలోకి దింపాను.

ఆ దీపం దిగడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మూతి దగ్గర బాగానే వెలిగింది. చొప్ప గోడలు పసుపుపచ్చగా కనబడ్డాయి. ఇంకొంచెం దింపాను. మంట చిన్నదైంది. గాలి లేదు, ఊగింది లేదు, చప్పుడు లేదు. ఎవరో నోటితో మెల్లగా ఊది ఆర్పినట్టు ఆరిపోయింది. కింద చీకటి ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంది.

గబగబా పైకి లాగాను. చిమ్నీ వేడిగా ఉంది, వత్తి పొగలు కక్కుతోంది. గ్యాస్‌నూనె తక్కువై ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఊపి చూస్తే నూనె గలగలమన్నది. అయినా చెప్పుకున్నాను. అగ్గిపుల్ల గీసి మళ్లీ ముట్టించాను. ఆయన భుజాన మోకుతో వచ్చేసరికి కందీలు నా చేతిలో నిలకడగా వెలుగుతోంది.

"దించి చూసినవా చిన్నమ్మా?"

"చూసిన. మంచిగ వెలుగుతున్నది," అన్నాను.

ఆయన కందీలు దగ్గరకు వచ్చి ఒక్క క్షణం ఆగాడు. ముక్కు ఎగబీల్చాడో, ఊపిరి తీసుకున్నాడో నాకు అర్థం కాలేదు. నడుముకు మోకు కట్టుకున్నాడు. కొసను నా చేతికిచ్చి, "జర గట్టిగ పట్టుకో అమ్మా," అన్నాడు. భుజాలు పక్కకు తిప్పి దిగాడు.

ముందు గంప తాకిన చప్పుడు వినిపించింది. తర్వాత గింజలు జారినట్టు ఒక గరగర. తర్వాత ఏమీ లేదు.

"ఓయ్," అన్నాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. వస్తున్న చిన్నమ్మా అనే మాట కోసం నా ప్రాణమంతా చెవుల్లోకి వచ్చింది. మోకు ఒక్కసారి బరువెక్కి, ఆ తర్వాత కదలడం మానేసింది. నేను లాగాను. నా వల్ల కాలేదు. ఇంకా లాగితే నా అరచేతుల తోలు లేచింది గానీ ఆయన లేవలేదు. అప్పుడు కేక పెట్టాను. అది నా గొంతులా లేదు.

పక్కింట్లో టాంగా నడిపే ముసలాయన ఉండేవాడు. నా కేకకు ఆయన గోడ దూకి వచ్చాడు, ఆ వయసులో. ఆయన వెనకాలే ఆయన కోడలు వచ్చింది. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి పరదా దాటి గడప బయటికి రాని పిల్ల, తలమీద కొంగు కూడా లేకుండా వచ్చింది. ముగ్గురం మోకు పట్టుకున్నాం. "యా అల్లా, ఖీంచో బేటీ, ఖీంచో" అని, లాగమని ఆయన అరుస్తున్నాడు. మనిషి మూతి దాకా వచ్చాడు గానీ భుజాలు అడ్డుపడ్డాయి. ముసలాయన ఊపిరి బిగబట్టి, బోర్లా పడుకుని, నడుము దాకా లోపలికి వంగి, ఒక భుజం పక్కకు తిప్పాడు. ఆయన కాళ్లను నేనూ ఆ పిల్లా పట్టుకున్నాం.

పైకి తీసేసరికి దిగిన మనిషి మొహం నీలంగా ఉంది. పెదవుల మీద జొన్నపొట్టు అంటుకుని ఉంది. ముసలాయన చెంపలు కొట్టాడు, నీళ్లు చల్లాడు, ఛాతీ నొక్కాడు. ఎంతసేపో తెలియదు. నేను మట్టిలో కూర్చుని, జీవితంలో మొదటిసారి ఎవరినీ తిట్టకుండా, ఒకే మాట అనుకుంటున్నాను. బతికించు. ఆయన బతకాలని కాదు, నేను చంపినదాన్ని కాకూడదని. అంత ఆపదలో కూడా నాకు నేనే ముందు గుర్తుకొచ్చాను. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

కొక్కుమని ఒక ఊపిరి వచ్చింది. తర్వాత ఇంకొకటి. టాంగాలో వేసి దవాఖానకు తీసుకెళ్లారు.

మర్నాడు సాయంత్రం అత్తమ్మ వచ్చింది. దొడ్లో నోరు తెరుచుకుని ఉన్న పాతరను చూసింది, నా చేతుల కట్లు చూసింది, గల్లీలో విన్నట్టుంది, నేరుగా దవాఖానకు నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. ఆయన కళ్లు తెరిచి ఉన్నాడు. మంచం పక్కన నేల మీద ఆయన భార్య మోకాళ్లలో గడ్డం పెట్టుకుని కూర్చుంది.

"తమ్మీ, బండ తీసిన నాడే ఎందుకు దిగినవ్? కందీలు దించలేదా?" అని అత్తమ్మ అడిగింది.

నేను గోడకు ఆనుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. మాటలు ఏరుకుంటూ, ఒక్కొక్కటే తెచ్చి పెట్టాడు.

"దించలేదు పెద్దమ్మా. తొందరపడ్డ. చిన్నమ్మ వద్దన్నది. నేనే ఇనలేదు."

ఆ క్షణంలో నిజం చెప్పడానికి నాకు ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి తీసుకున్నాను. మింగేశాను.

మనిషి బతికాడు గానీ పాత మనిషి రాలేదు. కుడిచెయ్యి వణికేది. ఒక మాట చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, అది ఎటు పోయిందా అన్నట్టు చూసేవాడు. అరక పట్టలేకపోయాడు. అత్తమ్మ పాతరను మూడు రోజులు గాలికి వదిలి, వేరే మనుషులతో గింజ తీయించింది. తొలి గంప ఆయన ఇంటికే పంపింది. వచ్చిన వాళ్లందరికీ ఇచ్చింది. నేను నోరెత్తలేదు. "వాళ్లింటికి వారానికొకసారి గింజ పోవాలె. నువ్వు తీస్కపో," అన్నది నాతో. శిక్ష వేసిందో, పని చెప్పిందో నాకు తెలియలేదు. అడగడానికి ధైర్యం లేదు.

వాళ్ల గుడిసె బొంబాయి రోడ్డు పక్కన ఉండేది. మొదటిసారి గంప నెత్తిన పెట్టుకుని వెళ్లినప్పుడు నా గుండెలో ఉన్నది దయ కాదు, భయం. ఇవాళ ఆయన చెబుతాడు. ఇంటికొచ్చిన వాళ్ల ముందు, లేదా పెళ్లాంతో, లేదా మాట తప్పిపోయే మతిమరుపులో, ఆ రోజు సంగతి బయటపడుతుంది. ఆ మాట ఎప్పుడు రాలుతుందో అని నేను కాచుకుని ఉండేదాన్ని. గడప ముందు గంప దించగానే ముందు ఆయన నోటి వైపు చూసేదాన్ని. ఆయన, "పాప మంచిగున్నదా? బండి ఇరగ్గొట్టిందా?" అని అడిగేవాడు. ప్రతి వారం అదే.

భయంతో వెళ్లినా కాళ్లకు దారి అలవాటైంది. చేతులు ఊరికే ఉండవు కదా. ఒకనాడు ఆయన వణికే చేత్తో రొట్టె తుంచుకోలేక అవస్థ పడుతుంటే, విసుగొచ్చి, నేనే తుంచి పాలలో వేసిచ్చాను. ఇంకొకనాడు ఆయన భార్యకు జ్వరమైతే పొయ్యి ముట్టించాను. ఆమె నన్ను మొదట్లో అనుమానంగా చూసేది. ఇంత పొగరుబోతు ఎందుకు వస్తోందని ఆమెకు వింతగా ఉండేదేమో. చలికాలానికి నా కూతురిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల దువ్వడం మొదలుపెట్టింది. ఒక వారం నాకు జ్వరమొచ్చి వెళ్లలేకపోతే, ఆమె మా ఇంటికి వచ్చి గడపలో నిలబడి, "రాలేదేందని ఆయన బుగులు పడుతున్నడు," అన్నది. నా కోసం ఒకరు బుగులు పడుతున్నారన్న మాట విని నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. జ్వరమని సర్దుకున్నాను.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, వాకిట్లో కూర్చున్నవాళ్లను చూస్తే నాకు అసహ్యం రావడం మానేసింది. తలుపు చప్పుడైతే ముందు గటక ఎంతుందా అని చూడటం వచ్చింది. మంచిదాన్నైపోయానని చెప్పను. కోపం ఇప్పటికీ వస్తుంది, మా ఇంట్లోవాళ్లను అడగండి. కానీ లోపల ఒకటి మూత వేసుకుని ఉండేది. నేను చేసే ప్రతి మంచిపని దాని మీదే నడిచేది, నడిచినప్పుడల్లా బోలుగా మోగేది. నిజం చెప్పనిదే అది పూడదని నాకు తెలుసు. చెబితే ఆ గుడిసె తలుపు నాకు మూసుకుంటుందని కూడా తెలుసు.

ఆ ఏడు వానలు పడ్డాయి. మరుసటి పంటకు పాతర నింపి మూశాం. ఆ పై వేసవిలో మళ్లీ తీయాల్సి వచ్చింది. వచ్చిన పనివాళ్లు మేము దిగం అన్నారు. అది మనిషిని తినబోయిన పాతర అని గల్లీలో పేరు పడిపోయింది. పూడ్చెయ్యమని కొందరన్నారు.

"నేను దిగుత," అన్నాను.

అత్తమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఆడోళ్లు దిగంగ చూడలేదు," అన్నది. వద్దని మాత్రం అనలేదు.

బండ తీసిన రోజు కందీలు దింపాను. మంట చిన్నదై, మెల్లగా ఆరిపోయింది. ఈసారి ఆరిన కందీలును అందరూ చూసేలా బావి గట్టు మీద పెట్టాను. రెండో రోజు దింపితే మళ్లీ ఆరింది. మూడో రోజు పొద్దున నిలబడింది. అడుగున జొన్నల మీద ఆనుకుని, ఎంతసేపు చూసినా నిలబడే ఉంది.

నడుముకు మోకు కట్టుకుంటుంటే దొడ్డి తలుపు చప్పుడైంది. ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ రోడ్డంతా నడిచి.

"మోకు నేను పట్టుకుంట," అన్నాడు.

పనివాళ్లు ఆయన చేతి వైపు చూసి మొహాలు చూసుకున్నారు. "నీ చెయ్యి అట్లుంటె ఎట్ల తమ్మీ?" అన్నది అత్తమ్మ.

నేను మోకు కొస తీసుకెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. ఇంక దాటవేయడానికి చోటు లేదు. మోకు ఇచ్చాక చెబితే అది నిజం చెప్పినట్టు కాదు. ముందే చెప్పాలి, తర్వాత ఆయన పట్టుకోవాలో వద్దో ఆయనే తేల్చుకోవాలి.

"అన్నా," అన్నాను. ఆ పిలుపు నా నోటికి కొత్త. "ఆనాడు కందీలు ఆరిపోయింది. నేను చూసిన. మళ్ల ముట్టిచ్చి, వెలుగుతున్నదని నీకు అబద్ధం చెప్పిన. అత్తమ్మ తియ్యమన్నదని కూడ అబద్ధమే. గింజ దాచుకుందామని చేసిన."

అత్తమ్మ చేతిలోని గంప కింద పెట్టింది. ఆ తర్వాత వారం రోజులు ఆమె నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి. అప్పుడు నాకు ఆయన మొహం తప్ప ఏమీ కనిపించలేదు.

"నాకెరికే," అన్నాడు.

"ఏమెరిక?"

"ఆరిన వత్తి వాసన ఎవరికి తెల్వదు చిన్నమ్మా? కందీలు దగ్గరికి రాంగనే వాసనొచ్చింది."

"తెలిసి ఎందుకు దిగినవ్?"

ఆయన మాట కోసం వెతుక్కున్నాడు. ఈసారి అది తప్పిపోలేదు, చెప్పడం కష్టమై ఆగింది. "ఇంట్ల పొయ్యి ముట్టక రెండ్రోజులాయె అప్పటికి. తొలి గంప దిగినోనిదే గద. ఒక్క గంప నింపేదాక ఊపిరి బిగబట్టొచ్చనుకున్న."

రెండు రోజులు. మా ఇంట్లోనే పొద్దంతా పని చేస్తూ, నా కళ్లెదుట తిరుగుతూ రెండు రోజులు. వాకిట్లో కూర్చున్నవాళ్లను లెక్కపెట్టుకుంటూ భయపడ్డ నేను, దొడ్లో ఉన్న మనిషి తిన్నాడో లేదో ఒక్కసారి అడగలేదు. ఆయన నోరు తెరిచి అడగలేదు. అడిగే సందు నేను ఎప్పుడూ ఇవ్వలేదు.

"మరి దవాఖానల నామీదికి రాకుండ ఎందుకు చెప్పినవ్ అన్నా?"

"చిన్నదానివి. పాపున్నది. ఆ ఒక్క తప్పుతోనే నువ్వు చెడ్డదానివైపోయినవని ఎందుకనుకోవాలె?" అన్నాడు. చెయ్యి చాపాడు. "తే. దిగు. నేనున్న."

మోకు ఆయన చేతికిచ్చాను. ఎడమ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, వణికే కుడిచేతిని దాని మీద వేసి పట్టుకున్నాడు. భుజాలు పక్కకు తిప్పి నేను దిగాను. పుల్లటి వాసన, చొప్ప గోడలు, అడుగున నిలకడగా దీపం. మోకాళ్ల దాకా జొన్నల్లో దిగబడ్డాను. తల ఎత్తి చూస్తే పైన చేతి వెడల్పు ఆకాశం, అందులో ఆయన మొహం.

తొలి గంప నింపాను. దిగినవాళ్లది కాబట్టి ఆ రోజు అది నాది. "అన్నా, ఇది నీ ఇంటికి," అని కేకేసి పైకి పంపాను. ఆయన పలికాడో లేదో వినబడలేదు. నడుము దగ్గర మోకు మాత్రం సన్నగా వణుకుతూనే ఉంది. రెండో గంప నింపాను, మూడోది నింపాను. నేను పైకి వచ్చేదాకా అది వణుకుతూనే ఉంది, ఒక్కసారి కూడా వదులు కాలేదు.